నోరున్నవాళ్ళు అనర్హులు

సోమవారం అర్జీల రోజు. తాటిచెర్ల మండల పరిషత్తు కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఆ రోజు నేను చెయ్యాల్సినవి అర్జీ తీసుకోవడం, దానిమీద నంబరు వెయ్యడం, వచ్చినవాళ్ళను ఓపిక పట్టమనడం. మొదటి రెండు పనులూ ఎవరైనా చేస్తారు. ఓపిక పట్టమనడానికి మాత్రం అనుభవం కావాలి. నాకది పుష్కలంగా ఉంది.

సోమవారం మొదటి అర్జీ ఎప్పుడూ ఈతమానువలస అసిరమ్మదే. ఆవిడ మా గేటు దగ్గర నోరు విప్పితే పక్కనున్న పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు, ఇవాళ సోమవారమన్నమాట, అనుకుని గడియారం సరిచేసుకుంటారు. కోపంగా ఉన్నప్పుడూ సంతోషంగా ఉన్నప్పుడూ ఆవిడ గొంతు ఒకలాగే ఉంటుంది. తేడా తెలియాలంటే మొహం చూడాలి.

“సూపరెంటు బావూ! బోరింగు పాడైపోనాది. ఇదివరకు కొడితే కిర్రుమని ఊరంతా ఇనిపించేది. ఇప్పుడు సప్పుడూ నేదు, నీల్లూ నేవు. గెడ్డకెల్లి మోసుకోవాల. నా కోడలు పైడితల్లికి ఎనిమిదో నెలొచ్చినాది. ఆ పిల్ల బిందె నెత్తినెట్టుకుని గట్టు దిగుతుంటే నా పేనం పోతన్నాది. జారి పడితే మీరొస్తారేటి పట్టడానికి?”

ఊరి కింద పారే వాగు, ఆ గెడ్డ దాకా నేను రానని ఇద్దరికీ తెలుసు. “ఓపిక పట్టు అసిరమ్మా” అన్నాను. అన్నందుకు నాకే సిగ్గేసింది. నిజం చెప్పాలంటే ఫైలు అప్పటికే ఇంజనీరుగారి బల్ల దాకా పోయింది. ఆయన సంతకం పెడితే మెకానిక్కు వెళ్ళి, లోపల ఊడిన రాడ్డు బిగించి, సాయంత్రానికి తిరిగొచ్చేసేవాడు. సరిగ్గా అప్పుడే మా మండలానికి సిద్ధాంతం వచ్చింది.

సిద్ధాంతం జిల్లా కేంద్రం నుంచి జీపులో వచ్చింది. దాని పేరు డాక్టర్ పరాంకుశం. కొత్తగా పెట్టిన వలసానంతర వికాస పునరాలోచనా విభాగానికి ఆయన డైరెక్టరు. అంతకుముందు గొర్రెల అభివృద్ధి శాఖలో ఉండేవారు. ఒక ఎండాకాలం ఏదో చల్లని ఊళ్ళో శిక్షణకు వెళ్ళొచ్చాక, అభివృద్ధి అనేది తెల్లవాడు కల్పించిన ఊహ అనీ, గొర్రె సంగతి కూడా అనుమానమేననీ పై అధికారులకు రాశారట. గొర్రెల మీద ఆ ప్రభావం పడకముందే ఆయన్ని అక్కణ్ణుంచి తప్పించి మనుషుల మీద వేశారు.

మండల సిబ్బంది అందరికీ సమావేశ మందిరంలో అవగాహన సదస్సు జరిగింది. ఎంపీడీవో వరదరాజులుగారు మొదటి వరసలో కూర్చున్నారు. ఆయన మంచి మనిషి. పై అధికారి ఏం చెప్పినా రాసుకుంటారు. అర్థమయ్యేది ఎటూ తరవాత సర్క్యులర్లో ఉంటుందని ఆయన నమ్మకం.

“మిత్రులారా!” అన్నారు డైరెక్టరుగారు. “ఇన్నాళ్ళూ వికాసం పేరుతో మనం చేసిందేమిటి? రోడ్డు వేశాం. ఎక్కడికి? పట్నానికి. అంటే పట్నమే కేంద్రమనీ పల్లె అంచు అనీ ఒప్పేసుకున్నాం. వీధిదీపం వేశాం. చీకటిని అవమానించాం. వికాసం ఒక మహాకథనం మిత్రులారా! మహాకథనాల కాలం చెల్లిపోయింది.”

“మహాకథనాలు – కాలం చెల్లినవి – రద్దు” అని వరదరాజులుగారు రాసుకున్నారు.

“అణగారినవాడు అంటే ఎవడు? గొంతు వినపడనివాడు. మరి ప్రతి సోమవారం మీ దగ్గరికొచ్చి మాట్లాడేవాడెవడు? గొంతు వినపడుతున్నవాడు! వాడు అణగారినవాడు ఎలా అవుతాడు? ఇన్నేళ్ళుగా మీరు గొంతున్నవాళ్ళకే మేలు చేస్తూ వచ్చారు. ఇది ఎంత హింస!”

హాలులో అందరం తలలు దించుకున్నాం. నిజానికి మేం ఎవరికీ పెద్దగా మేలు చేసిన గుర్తులేదు. కానీ ఆ మాట అనే సమయం కాదది.

వరదరాజులుగారు లేచి నిలబడ్డారు. “సార్, నోటితో చెప్పకుండా అర్జీ రాసిస్తే?”

“అక్షరం ఆధిపత్యపు ఆయుధం.”

“చేత్తో సైగ చేస్తే సార్?”

“సైగా భాషే. భాష ఉన్నచోట అధికారం ఉంది.”

“మరి వాళ్ళకేం కావాలో మనకెలా తెలుస్తుంది సార్?”

డైరెక్టరుగారు ఆయనవైపు జాలిగా చూశారు. “తెలుసుకోవాలనుకోవడమే వలసవాదం, వరదరాజులుగారూ.”

మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ఏ సహాయమైనా నోరు మెదపనివాళ్ళకే. నోరు మెదిపినవాళ్ళు గొంతున్నవర్గం కింద అనర్హులు. ఇంజనీరుగారి బల్లమీద నుంచి బోరింగు ఫైలు నాకు తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో ఒకే వాక్యం: “అర్జీదారుకు నోరు కలదు.”

ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

తరవాతి సోమవారం సంగతి తెలియక వచ్చినవాళ్ళు నమస్కారం పెట్టి “బాబూ” అన్నారు. అన్నవాళ్ళను అన్నట్టే బయటికి పంపేశాం. ఆపై వారానికి జనం తెలివి తెచ్చుకున్నారు. మా వరండాలో అంత మంది మనుషులు అంత నిశ్శబ్దంగా కూర్చోవడం నా సర్వీసులో చూడలేదు. బల్లుల మాట కూడా స్పష్టంగా వినపడింది. రైసుమిల్లు ఆసామి కారు దిగి వచ్చి, మెళ్ళో గొలుసు చొక్కా లోపలికి తోసుకుని, అందరికన్నా గట్టిగా నోరు మూసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

ఏం కావాలో అడగకూడదు కనుక స్టోరులో ఉన్నది ఉన్నట్టు పంచేశాం. పింఛను కోసం వచ్చిన ముసలాయనకు కుట్టుమిషను వచ్చింది. ఇంటి పట్టా కోసం వచ్చినామెకు చేపల వల. రైసుమిల్లు ఆసామికి మేకపిల్ల. బయటికెళ్ళాక గోడ వారన వాళ్ళలో వాళ్ళు మార్చుకునేవారు. అక్కడ మాత్రం అందరికీ ఒకేసారి మాటలొచ్చేవి. ఆఫీసు లోపల ఫిర్యాదులు సున్నా అని నివేదిక పంపిస్తే, జిల్లా నుంచి వరదరాజులుగారికి ప్రశంసాపత్రం వచ్చింది. ఆయన దానికి అద్దం కట్టించుకున్నారు.

చిక్కల్లా దగ్గుతో వచ్చింది. ఒకాయన వరసలో తన వంతు వచ్చే వేళకు దగ్గాడు. దగ్గు మాట కిందికి వస్తుందా రాదా అని మాలో మాకు భేదాభిప్రాయం. స్పష్టీకరణ కోరుతూ జిల్లాకు రాశాం. “పొడిదగ్గు శరీరానికి సంబంధించినది, అనుమతించవచ్చును. ఎవరినైనా చూసి దగ్గిన ఎడల అది సంభాషణగా పరిగణించవలెను” అని జవాబు వచ్చింది. అప్పణ్ణుంచి దగ్గొచ్చినవాళ్ళు గోడవైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టారు.

అసిరమ్మ మాత్రం నిశ్శబ్దంగా ఉండలేకపోయింది. ఒకసారి గేటు దాకా నోరు మూసుకుని వచ్చి, గేటు దగ్గర కుక్కను చూసి “సీ, పో” అంది. అంతే, అటెండరు వెనక్కి పంపేశాడు. కుక్కతో మాట్లాడినా మాట మాటే.

నేను సాయంత్రం బస్సుస్టాపు దగ్గర ఆవిణ్ణి కలిశాను. అక్కడ నాకు అధికారం లేదు కనుక మాట్లాడొచ్చు.

“బావూ, నానేటి తప్పు సేసినాను? దాహవేస్తే అడిగినాను. అడక్కుండా ఎవులిస్తారు? పైడితల్లి నిన్న గట్టు మీద సతికిలబడిపోనాది. బిందె దొర్లుకుంటా గెడ్డలోకి ఎల్లిపోనాది. బిందెకి బదులు పిల్లే దొర్లితే?” ఆవిడ గొంతు తగ్గింది. తగ్గడం నేను అదే మొదటిసారి వినడం.

“ఇంకో దారుంది” అన్నాను. “డైరెక్టరుగారు మండలానికి ఒకరిని నిజమైన అణగారిన గొంతుగా గుర్తిస్తారట. దానికోసం మీ ఊరే వస్తున్నారు. ఆ గుర్తింపు వచ్చిన వాళ్ళ ముంగిట్లోకి వెంటనే మంచినీళ్ళ కుళాయి వెయ్యాలని సర్క్యులర్లో ఉంది. మీ రోడ్డువార నుంచి పెద్ద పైపు ఎప్పట్నుంచో పోతూనే ఉంది కదా. ఆ రోజు నోరు మెదపనివాళ్ళకు పాత మాటలన్నీ మాఫీ చేస్తారు. ఒక్క పూట నోరు కట్టేసుకోగలవా?”

“ఒక్క పూటా!” అని అసిరమ్మ అరిచింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు.

ఊరు ఊరంతా కూర్చుని ఆలోచించారని తరవాత తెలిసింది. నోరు మెదపని మనిషి ఊళ్ళో ఒకడున్నాడు. అసిరమ్మ భర్త ఎర్రయ్య. పెళ్ళయిన కొత్తల్లో ఏదో అనబోయాడట. అవకాశం రాలేదు. తరవాత అలవాటు తప్పిపోయింది. ముందు ఎర్రయ్యను కూర్చోబెట్టాలనీ, ఏదైనా తేడా వస్తే అసిరమ్మను దించాలనీ నిర్ణయించారు. అసిరమ్మ నోరు మూయడానికి ఉపాయం కూడా ఆవిడే చెప్పింది. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపలికి పెట్టుకుని కాలుస్తారు. అలా పెట్టుకున్నాక మాట్లాడబోతే నాలుక కాలుతుంది.

డైరెక్టరుగారు వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. జీపు దిగుతూనే ఊరి పేరు బోర్డు చూసి ఆగిపోయారు.

“ఈతమానువలస! పేరులోనే వలస ఉందే! దీన్ని ఎవరు వలస చేశారు?”

“ఈత చెట్లు కొట్టి ఇళ్ళు వేసుకున్నారు సార్” అన్నారు వరదరాజులుగారు.

“చెట్ల తరఫున ఎవరైనా మాట్లాడారా?”

“లేదు సార్.”

“రాసుకోండి.”

వరదరాజులుగారు రాసుకున్నారు.

ఊరి నడుమ, చెడిపోయిన బోరింగు పక్కన, నులకమంచం వేసి దానిమీద దుప్పటి పరిచారు. ఎదురుగా నేలమీద ఎర్రయ్యను కూర్చోబెట్టారు. ఆయన మీసం కూడా కదలడం లేదు. డైరెక్టరుగారు చుట్టూ తిరిగి చూశారు. ముందుకొచ్చి చూశారు. కళ్ళజోడు తీసి చూశారు.

“అద్భుతం! ఈ మౌనాన్ని చూశారా? ఇది ఖాళీ కాదు. నిండుకుండలాంటి శూన్యం. కేంద్రం ఇతన్ని తుడిచేసింది. ఆ తుడుపే ఇతని సంతకం.”

ఎర్రయ్య కనురెప్ప వెయ్యలేదు. గుడిసెల వెనక ఊరంతా ఊపిరి బిగబట్టింది. గెలిచేశామనే అనుకున్నాం. అప్పుడు అటెండరు మర్యాద కొద్దీ అందరికీ టీ పట్టుకొచ్చి, ఎర్రయ్య చేతిలో కూడా ఒక గ్లాసు పెట్టాడు. ఎర్రయ్య ఒక గుక్క తాగాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ వినని గొంతు మెల్లగా, తీరిగ్గా బయటికొచ్చింది.

“పంచదార సాల్దు.”

డైరెక్టరుగారి మొహం పాలిపోయింది. “అభిరుచి! ఇతనికి అభిరుచి ఉంది! అభిరుచి పెత్తందారీ లక్షణం. ఇంతసేపూ మన మధ్య ఒక పెత్తందారు కూర్చున్నాడు!”

ఎర్రయ్యను పక్కకు తీసుకెళ్ళారు. ఎలాగూ పోయిందని ఆయన మిగిలిన టీ తాగేశాడు.

ఇక అసిరమ్మ. ఆవిడ కొంగు నడుముకు బిగించి, నోట్లో అడ్డపొగతో వచ్చి కూర్చుంది. ముక్కుల్లోంచి పొగ సన్నగా వస్తోంది. ఇల్లు కాలుతున్నా కదలనన్నట్టుంది మొహం. డైరెక్టరుగారు ఆవిడ పాత అర్జీ ఒకసారి తిరగేసి, మంచం అంచుకు జరిగారు.

“నిప్పును లోపల పెట్టుకుంది! చూశారా? మనందరం నిప్పును ప్రపంచానికి చూపిస్తాం. ఈమె తన నిప్పును తనే మింగుతోంది. ఇది ధూమపానం కాదు, ప్రతిఘటన.”

అసిరమ్మ పొగ వదిలింది.

“ఈమె చూపు ఆ బోరింగు మీద ఉంది. గమనించారా? అసహ్యంగా చూస్తోంది. బోరింగు విదేశీ యంత్రం. ఈమె మౌనం ఏం చెబుతోంది? ‘నాకు మీ నీళ్ళు వద్దు’ అంటోంది. ‘గెడ్డ నా జ్ఞానం, బిందె నా భాష’ అంటోంది. ‘నా కోడలు గట్టు దిగుతూ నడవడమే నా సంస్కృతి’ అంటోంది. అవునా తల్లీ?”

అసిరమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. పొగకో కోపానికో చెప్పలేను. నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం ఆగమని.

“గర్భవతి నీళ్ళు మోయడంలో ఉన్న లయను మనం ఇన్నాళ్ళూ కష్టమని పొరబడ్డాం…”

అసిరమ్మ చుట్ట తీసి అవతల పారేసింది.

“ఏటన్నావు? లయా? మీ ఇంట్లో నెలలు నిండిన పిల్ల సేత మోయించు, లయేటో ఇంటాను! నాకు నీల్లొద్దని ఎప్పుడన్నాను? నా నోట్లో నిప్పెట్టుకుని కూకుంటే నీ నోట్లోంచి నా మాటలొస్తాయేటి? ఎవుడు సెప్పినాడు నీకు? నా సంస్కురితి సంగతి నాకు తెల్దా? కుండలో నీల్లుంటేనే ఏ సంస్కురితైనా!”

చివరి మాటలకు చెట్ల మీది కాకులు లేచిపోయాయి. డైరెక్టరుగారు పక్కకు తిరిగి చెమట తుడుచుకున్నారు.

“అనర్హురాలు. శాశ్వత అనర్హురాలు. రాసుకోండి.”

ఊరు ఉసూరుమంది. అసిరమ్మ నావంక చూసింది. “నావల్ల కానేదు బావూ” అంది. ఆవిడమీద నాకు కోపం రాలేదు. ఆ మాటలు విన్నాక నేనైనా అంతసేపు ఆగేవాణ్ణి కాదు.

అలిసిపోయిన డైరెక్టరుగారు నీడ కోసం ఒక అడుగు వేసి, పక్కనున్న బోరింగు పిడిమీద చెయ్యి ఆనించారు. పిడి కిందికి వాలిపోయింది. చప్పుడు లేదు. ఆయన మళ్ళీ ఎత్తి దించారు. చప్పుడు లేదు. నీళ్ళూ లేవు. మూడోసారికి ఆయన ఊపిరి వేగం మారింది.

“ఇదెవరు?” అన్నారు.

“బోరింగు సార్” అన్నారు వరదరాజులుగారు.

“అది మనం పెట్టిన పేరు. దాన్ని అది ఏమని పిలుచుకుంటుంది?”

వరదరాజులుగారు నావంక చూశారు. నేను బోరింగు వంక చూశాను.

“మీరు గమనించలేదు. నోరు తెరిచే ఉంది. మాట లేదు. శరీరమంతా నేలలో పాతుకుపోయింది. మనందరికన్నా అట్టడుగున ఉన్నదెవరు? ప్రతివాడూ వచ్చి దీన్ని కొట్టాడు, కావలసింది పట్టుకుపోయాడు. ఒక్కడైనా ఆగి, నువ్వెవరని అడిగాడా?” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మనం వెతుకుతున్న గొంతు ఇదే.”

“సార్, అది వస్తువు కదా…”

“మనిషి, వస్తువు అనే ద్వంద్వంలోంచి ఎప్పుడు బయటపడతారు వరదరాజులుగారూ?”

“సోమవారానికల్లా పడతాను సార్.”

అక్కడికక్కడే బోరింగుకు శాలువా కప్పారు. వరదరాజులుగారి కోసం తెచ్చిన దండ దానికి వేశారు. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టబోయి, చప్పట్లు మాట కిందికి వస్తాయేమోనని చేతులు దింపేసుకున్నారు. అసిరమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. శాశ్వత అనర్హురాలు కనుక ఆవిడకు కొత్తగా పోయేదేమీ లేదు.

“శాలవా సరే గానీ బావూ, దాన్ని బాగుసేస్తారా?”

“బాగుచెయ్యడమా!” డైరెక్టరుగారు చెయ్యి అడ్డం పెట్టారు. “బాగుచేస్తే అది కిర్రుమంటుంది. అంటే మన భాష మాట్లాడుతుంది. ఈ బోరింగును ఎవరూ ముట్టుకోకూడదు. దీని దగ్గర ఏ గొంతు వినిపించినా గుర్తింపు రద్దవుతుంది. వచ్చిన సదుపాయాలన్నీ వెనక్కి తీసేసుకుంటాం.”

జీపు వెళ్ళిపోయింది. అసిరమ్మ కాసేపు శాలువా వంక చూసి, బిందె తీసుకుని తనే గెడ్డకు బయల్దేరింది. కోడల్ని లేవనివ్వలేదు.

గుర్తింపు ఉత్తర్వులు తయారుచెయ్యడం నా పని. పేరు దగ్గర బోరింగు అని రాశాను. వృత్తి: మౌనం. తండ్రి పేరు దగ్గర కాసేపు తల గోక్కుని, దాన్ని వేయించిన పాత సర్పంచిగారి పేరు రాశాను. ఆయన పోయి చాలా కాలమైంది, అభ్యంతరం చెప్పరు. ఆ తరవాత సర్క్యులర్లో ఉన్నది ఉన్నట్టుగా కింద ఎత్తి రాశాను: గుర్తింపు పొందిన వారి ముంగిట్లోకి వెంటనే మంచినీటి కుళాయి ఏర్పాటు చెయ్యవలెను. ఫైలు పట్టుకుని వరదరాజులుగారి ముందు నిలబడ్డాను.

ఆయన రెండుసార్లు చదివారు. “బోరింగుకు కుళాయా?”

“సర్క్యులర్లో మినహాయింపు లేదు సార్.”

“అది నీళ్ళు తాగుతుందా?”

“అడగకూడదు కదా సార్.”

ఆయన గోడమీది ప్రశంసాపత్రం వంక చూసి, ఫైలు జిల్లాకు పంపారు. అక్కడ ఎవరో గుమాస్తా ఇదే అనుమానం అడిగాడట. డైరెక్టరుగారు ఫైలు మీద స్వయంగా ఇలా రాశారు: “బోరింగు దాహాన్ని మన దాహంతో కొలవడం అహంకారం. వెంటనే ఇవ్వవలెను.” ఈతమానువలస మనుషులకు ఏళ్ళ తరబడి కుదరని నిబంధన బోరింగుకు ఒక్క వారంలో కుదిరిపోయింది. రోడ్డువార పైపు నుంచి గొట్టం లాగి, బోరింగు నోటికి ఎదురుగా, మెరిసిపోతున్న కుళాయి బిగించారు.

ప్రారంభోత్సవానికి డైరెక్టరుగారే వచ్చారు. ఊరంతా బోరింగు చుట్టూ చేరింది. ఎవ్వరూ ఊపిరి కూడా గట్టిగా పీల్చడం లేదు. డైరెక్టరుగారు కుళాయి తిప్పారు. నీళ్ళు దూకాయి. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు, కొందరు ఏడ్చారు. ఎర్రయ్య దోసిలి పట్టి తాగి, ఏదో అనబోయి, అసిరమ్మ చూపు చూసి మింగేశాడు.

సరిగ్గా అప్పుడే, బోరింగు పక్కనే ఉన్న అసిరమ్మ ఇంట్లో పైడితల్లికి నొప్పులు ఎక్కువయ్యాయి. పొద్దుట్నుంచీ వస్తున్నాయట. నర్సమ్మ లోపలే ఉంది. గొంతు వినిపిస్తే కుళాయి పోతుందని తెలిసి ఆ పిల్ల పాత చీర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని, శబ్దం రాకుండా మెలికలు తిరుగుతోందని నర్సమ్మ గుమ్మంలోకి వచ్చి అసిరమ్మ చెవిలో చెప్పింది.

అసిరమ్మ మొహం చూశాను. అంత కోపం ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడలేదు. కుళాయి వంక ఒకసారి చూసింది. ఇంటి వంక ఒకసారి చూసింది. తరవాత ఊరంతా అదిరేలా అరిచింది.

“ఒలే పైడీ! అరువే తల్లీ! గుడ్డ తీసి అరువు! గొంతు పోయేలా అరువు! నానున్నాను!”

లోపలి నుంచి కేక వినిపించింది. ఎన్నాళ్ళో దాచుకున్నదంతా కలిపి వేసిన కేక.

డైరెక్టరుగారు ఉలిక్కిపడి కుళాయి మీద చెయ్యి వేశారు. “ఎవరిదా గొంతు?”

“నాది” అంది అసిరమ్మ.

“కానీ మీరిక్కడ ఉన్నారు. అది ఇంట్లోంచి వచ్చింది.”

“నా నోరు పెద్దది బావూ. ఇంటికాడా ఉంటాది, ఈదిలోనా ఉంటాది. శాశ్వత అనర్హురాల్నని నువ్వే రాయించినావు. మాటాడ్డానికి నాకేటి అడ్డం? ఈ ఊల్లో ఏ అరుపు ఇనిపించినా నా కాతాలో రాసుకో.”

ఇంకో కేక. ఈసారి అసిరమ్మ పెదవులు బిగించే ఉన్నాయి. డైరెక్టరుగారు ఆవిడ నోటి వంకా, ఇంటి వంకా మార్చి మార్చి చూశారు. వరదరాజులుగారు కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన చెయ్యి ఇంకా కుళాయి మీదే ఉంది.

“శరీరం ఒకచోట, గొంతు మరొకచోట…” అని గొణిగారు డైరెక్టరుగారు. క్రమంగా ఆయన మొహం వెలిగిపోయింది. “వికేంద్రీకృత గొంతు! దీనిమీద నేనొక పత్రం రాయాలి! రాసుకోండి వరదరాజులుగారూ: ఈ గ్రామంలో వినిపించు శబ్దములన్నియు అసిరమ్మవి. బోరింగుకు సంబంధం లేదు.”

ఆయన కుళాయి మీది నుంచి చెయ్యి తీసేశారు.

నర్సమ్మ బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కుళాయి కింద పెడితే కళ్ళముందే నిండిపోయింది. దాన్ని లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికి ఇంకో గొంతు వినిపించింది. సన్నగా, కొత్తగా, ఎవరికీ భయపడకుండా. ఊరు మొత్తం అసిరమ్మ వైపు తిరిగింది.

“ఇది కూడా మీదేనా?” అని అడిగారు డైరెక్టరుగారు.

అసిరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఇదీ నాదే బావూ” అంది. ఆ రోజు వరదరాజులుగారు రాసుకున్నవాటిలో అబద్ధం కానిది అదొక్కటే.